బస్సెడు విశ్రాంతి

చోడవరం నుంచి వడ్డాది వెళ్లే రోడ్డులో దాసుకి మోటారు పంపుసెట్ల షాపు ఉంది. చెరకుతోటకి నీళ్లు పెడుతుండగా మోటారు ఆగిపోతే చుట్టుపక్కల రైతులు ముందు దేవుణ్ణి, ఆ తరవాత దాసుని తలుచుకుంటారు. దేవుడికి ఫోన్ లేదు కాబట్టి తిట్లన్నీ దాసుకే వస్తాయి. ఓ రోజు పొద్దున ఒక రైతుతో ఫోన్లోనూ, ఇంకొకరితో ఎదురుగానూ, మూడో మనిషితో చేతి సైగలతోనూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన కళ్లు తిరిగి పైపుల కట్టల మీద కూలబడ్డాడు.

భార్య సంధ్యారాణి ఆటోలో అనకాపల్లి తీసుకెళ్లింది. డాక్టర్ ఆశ్రిత బీపీ చూసి, నమ్మకం కుదరక ఇంకోసారి చూసి, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. దాసు నోరు తెరిచేలోగా జేబులో ఫోన్ మోగింది. అది ఆపేలోగా మళ్లీ మోగింది.

"అర్థమైంది" అంది డాక్టరు. "మాత్రలు రాస్తాను గానీ మీకు మాత్రల కంటే నిద్ర అవసరం. సముద్రం ఒడ్డున యోగా నేర్పే విడుదులున్నాయి కదా, ఒక రెండు రోజులు వెళ్లి ఉండండి. పొద్దున్నే కాస్త నిదానంగా ఊపిరి తియ్యడం, ఇసకలో నడవడం, కడుపునిండా తిని పడుకోవడం. బీపీ సగం దానంతటదే దిగుతుంది. ఫోన్ ఇంట్లో పారేయండి. మీరూ, మీ ఆవిడా. మూడో మనిషి వద్దు."

సంధ్యారాణి ఆ రాత్రే ఫోన్లో వెతికింది. రేవుపోలవరం అవతల కొబ్బరితోటలో ఒక చిన్న యోగా విడిది కనిపించింది. ఫోటోలో ఒకావిడ సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆవిడ వేసిన ఆసనం కంటే, ఆవిడ చుట్టుపక్కల ఒక్క మనిషి కూడా లేకపోవడం సంధ్యారాణికి బాగా నచ్చింది. గది ఖాయం చేసేసింది.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ దాసు మర్యాదస్తుడు. రోజూ కాలేజీ గ్రౌండులో తనతో నడిచే కృపారావు మాస్టారికి చెప్పకుండా వెళ్తే బాగుండదనుకున్నాడు. కృపారావు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. స్కూలు వదిలేశాడు గానీ అసెంబ్లీ వదల్లేదు; నలుగురు ఎక్కడ నిలబడినా వాళ్లకి ఎదురుగా వెళ్లి నిలబడతాడు.

"మేస్టారూ, శని ఆదివారాలు నడకకి రానండీ. రెస్టు తీసుకోమన్నారు డాక్టరమ్మ. బీచికెల్తన్నాం, యోగాకి."

"ఎవరెవరు?"

"నేనూ, మా ఆవిడా."

కృపారావు నడక ఆపేశాడు. పరామర్శకి వచ్చినవాడిలా దాసు భుజం మీద చెయ్యి వేశాడు. "ఒంట్లో బాగోనోడివి, ఒక్కడివీ ఎల్తావేటయ్యా? మేవందరం సచ్చిపోయేమేటి?"

సాయంత్రానికల్లా నడక మిత్రుల వాట్సాప్ గ్రూపు పేరు 'బీచ్ యోగా మహాయాత్ర'గా మారిపోయింది. శివాజీ బస్సు మాట్లాడేశాడు. శివాజీ వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ప్రతిసారీ ఓడిపోయినవాడు. ఓడిన కొద్దీ ఫ్లెక్సీల మీద ఆయన ఫోటో పెద్దదవుతూ వచ్చింది. ఈసారి ఫ్లెక్సీలో పైన శివాజీ, మధ్యలో సముద్రం, కింద ఒక మూల గుండ్రంలో దాసు. దాసు ఫోటో ఏదో పెళ్లిలో తీసింది, కళ్లు మూసుకుపోయాయి. ధ్యానంలో ఉన్నట్టుంది కదా అని దాన్నే వేయించారు.

శనివారం పొద్దున బస్సులోకి మనుషుల కంటే ముందు గ్యాస్ పొయ్యి ఎక్కింది. దాని వెనక బియ్యం బస్తా, డేగిసాలు, సౌండ్ బాక్సులు, టెంటు గుడ్డలు, కాళ్లు కట్టిన కోళ్లు ఎక్కాయి. శివాజీ తల్లి అచ్చియ్యమ్మ ముందు సీట్లో కూర్చుని, "నాకు యోగాలూ గీగాలూ వొద్దు బాబూ. సముద్రంలో ఒక్క మునక ముంచి తీసుకొచ్చీండి సాలు" అంది.

"దిగిపోదామేటి?" అన్నాడు దాసు భార్య చెవిలో.

"మన కోసవే కదా బస్సేసేరు. మనవే దిగిపోతే ఏటనుకుంటారు?" అంది సంధ్యారాణి.

దాసు డాక్టరు మాట ప్రకారం ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చాడు. కానీ ఆ ఫోన్లో మాట్లాడేవాళ్లంతా బస్సులోనే ఉన్నారు. పక్క సీటాయన బుచ్చయ్యపేట దాటకముందే తన మోటారు చేసే చప్పుడు నోటితో చేసి వినిపించాడు. వెనక సీటాయన అది బేరింగన్నాడు. ముందు సీటాయన కాదు, ఓల్టేజీ అన్నాడు. హైవే ఎక్కేసరికి ముగ్గురూ మూడు రకాల చప్పుళ్లు చేస్తూ తీర్పు కోసం దాసు మొహంలోకి చూస్తున్నారు.

విడిదిలో యోగా నేర్పే అమ్మాయి పేరు ప్రవల్లిక. బుచ్చయ్యపేట పిల్లే, యోగాలో డిప్లొమా చేసి ఇక్కడ కుదిరింది. ఇద్దరొస్తారని రెండు చాపలు పరిచి, రెండు గ్లాసుల్లో నిమ్మరసం పెట్టి గేటు దగ్గర నిలబడింది. బస్సు వచ్చి ఆగి, అందులోంచి జనం దిగుతూ దిగుతూ ఎంతకీ అయిపోకపోయేసరికి చేతిలో ట్రే దగ్గరున్న అరుగు మీద పెట్టేసింది.

"ముందు ప్రారంభోత్సవం అమ్మా, ఆ తరవాత యోగా" అన్నాడు శివాజీ.

ఫ్లెక్సీ రెండు కొబ్బరిచెట్లకి కట్టారు. సముద్రం కనపడాల్సిన చోట సముద్రం బొమ్మ కనపడింది. కృపారావు ప్రార్థన చేశాడు. అచ్చియ్యమ్మ గంగమ్మకి దండం పెట్టింది. ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకున్నా, అందరూ ఉమ్మడిగా కోరుకున్నది సౌండ్ బాక్సు పలకాలనే. అది పలికింది. ఆ ఉక్కపోతలో దాసుకి ఉన్ని శాలువా కప్పారు. తరవాత కృపారావు 'మౌనం – మనశ్శాంతి' అన్న విషయం మీద మైకులో మాట్లాడటం మొదలుపెట్టాడు. కొబ్బరాకుల నీడ జనం మీద నుంచి జరిగి జరిగి గోడ అవతలికి వెళ్లిపోయింది గానీ మౌనం గొప్పతనం ఇంకా పూర్తి కాలేదు. ఆడవాళ్లు అప్పటికే పెరట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. సంధ్యారాణి విశ్రాంతి కూడా ఉల్లిపాయలతోనే మొదలైంది.

సాయంత్రం ఎట్టకేలకి చాపలు పరిచారు. ప్రవల్లిక ఒంటికాలి మీద నిలబడే ఆసనం చూపిస్తే శివాజీ ఫోటో కోసం మెడ పక్కకి తిప్పి, తూలి, కృపారావు మీద పడ్డాడు. కృపారావు తన పక్కనున్న వడ్డాది రైతు మీద పడ్డాడు. అది కూడా ఆసనమే అనుకుని చివరి వరసవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగారు.

"ఇప్పుడు శవాసనం" అంది ప్రవల్లిక ఏడుపు ఆపుకుంటూ. "వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోండి. ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఏమీ చెయ్యకపోవడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. ఉత్తరం వైపు తల పెట్టకూడదని ఒకరు లేచారు. సముద్రం వైపు కాళ్లు పెడితే గంగమ్మకి కోపమని అచ్చియ్యమ్మ అరిచింది. శవం అన్న మాటే బాగోలేదు, పేరు మార్చమని శివాజీ సలహా ఇచ్చాడు. ఈలోగా ఒకరి ఫోన్ మోగింది. "ఆ, యోగాలో ఉన్నాను, సెప్పు" అని ఆయన పడుకునే మాట్లాడాడు. అన్ని గొంతుల మధ్య దాసు ఒక్కడే వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, కణత నరం కొట్టుకోవడం వింటూ ఉండిపోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని తోటలోంచి బయటపడ్డాడు. ఒడ్డు వెంట చాలా దూరం నడిచాడు. ఒకచోట ఇసక మీదికి లాగి పెట్టిన పడవ ఉంది. దాని నీడలో పాత వలలు కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఒరిగినవాడు నిద్రపోయాడు.

పొద్దెక్కేసరికి శివాజీకి ఫోనొచ్చింది: అనకాపల్లికి పెద్ద నాయకుడెవరో వస్తున్నారు, దండ వెయ్యాలి. వెంటనే యాత్ర ముగిసిందని ప్రకటించాడు. సంధ్యారాణి భర్తని వెతుక్కుంటూ ఒడ్డు వెంట వెళ్లింది. పడవ చాటున ఆయన నోరు తెరుచుకుని, ఒక చెయ్యి ఇసకలో పారేసి పడుకుని ఉన్నాడు. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడి విడిపోయింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ మొహాన్ని ఆమె అలా చూసి ఎరగదు. లేపడానికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తల మీద ఎండ పడకుండా తన తువ్వాలు పడవ అంచుకి కట్టి, చప్పుడు చెయ్యకుండా వచ్చేసింది.

"మా ఆయన పడవ దగ్గర పడుకున్నారు. నువ్వు కాస్త సూస్తుండమ్మా. లేచేక రేపు రమ్మన్నానని సెప్పు" అంది ప్రవల్లికతో గుసగుసగా.

బస్సు దగ్గర కృపారావు స్కూలు విహారయాత్రలో పిల్లల్ని లెక్కపెట్టినట్టు తలలు లెక్కపెడుతున్నాడు. "దాసేడీ?"

"ఎనక సీట్లో పడుకున్నారండీ. లేపకండి" అంది సంధ్యారాణి. పెళ్లయ్యాక భర్త గురించి ఊరివాళ్లకి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే. ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకి తెలియదు.

దాసుకి మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక ముసలామె తలకి గుడ్డ చుట్టుకుని ఆయన మొహంలోకి వంగి చూస్తోంది. చేపలు ఎండబెట్టుకునే దేముడమ్మ.

"తాగి పడిపోయేవేటి బాబూ?"

"లేదమ్మా. పడుకున్నాను."

"పట్టపగలు, వల మీద?" ఆమె నమ్మలేదు. ఇంట్లో గొడవపడి వచ్చిన మనిషని తేల్చుకుని, సత్తుగిన్నెలో అన్నం, చేపల పులుసు తెచ్చి పెట్టింది. "తినీసి ఇంటికెల్లిపో. ఆడమనిసి కోపం ఎంతసేపుంటాది!"

దాసు గిన్నె ఖాళీ చేశాడు. విడిదికి వెళితే అక్కడ బస్సూ లేదు, మైకూ లేదు. ప్రవల్లిక భార్య మాట చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వి, ఆ తరవాత ఎందుకో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఒక్క చాప పరిచింది. "ఊపిరి మెల్లగా తియ్యండంకుల్. ఇంకా మెల్లగా వదలండి" అంది. అంతే నేర్పింది. వదిలిన ఊపిరి కెరటంతో పాటు వెనక్కి పోతున్నట్టు అనిపించింది. కణతలో కొట్టుకునే నరం ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు. ఆ రాత్రి కిటికీ తెరిచి పడుకున్నాడు. మర్నాడు పొద్దున ఒడ్డున నడిచి, ఉప్పుగాలి పీల్చి, ఒళ్లంతా కడిగి ఆరేసినట్టు తేలిగ్గా చోడవరం బస్సెక్కాడు.

చోడవరంలో మాత్రం కథ ఇంకోలా నడిచింది. బస్సు దిగాక దాసు లేడని తెలిసి గగ్గోలు పుడితే సంధ్యారాణి, "ఆయన యోగాలోనే ఉండిపోయేరు" అంది. ఆ మాట కొత్తూరు జంక్షన్ దాటేసరికి దాసు ధ్యానంలోంచి లేవడం లేదట అయింది. సాయంత్రానికి సముద్రం ఆయన పాదాల దాకా వచ్చి వెనక్కి పోయిందట కూడా అయింది. అది అబద్ధం కాదు. సముద్రం చేసే పనే అది.

సోమవారం బస్సు దిగిన దాసుకి బస్టాండులో కొత్త ఫ్లెక్సీ కనపడింది: 'యోగి దాసన్నకు స్వాగతం'. మళ్లీ పైన శివాజీ. అదే కళ్లు మూసుకున్న ఫోటో, ఈసారి వెనక కిరణాలు. షాపు ముందు జనం. ఇంతకుముందు మోటారు ఒక్కటే పట్టుకొచ్చేవాళ్లు ఇప్పుడు మోకాలు నొప్పి, అల్లుడి తాగుడు, కోడలి కోపం కూడా పట్టుకొచ్చారు. "బేరింగ్ మార్చీసి, నా నెత్తి మీద ఒకపాలి సెయ్యి కూడా పెట్టీ బాబూ" అన్నాడు గోవాడ నుంచి వచ్చిన ముసలాయన. శివాజీ ప్రతి నెలా మహాయాత్ర ఉంటుందని ప్రకటించాడు. కృపారావు ఉపన్యాసం రెండో భాగం సిద్ధం చేసుకుంటున్నాడు.

నెల తిరక్కుండా డాక్టర్ ఆశ్రిత బీపీ చూసి తల పట్టుకుంది. "సముద్రం నుంచి వచ్చిన వారానికి ఎంత బాగుంది! మళ్లీ వెళ్లండి."

ఇంటికొస్తూ దాసు ఆటోలో ఏదో ఆలోచించుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రి గ్రూపులో ఒక సందేశం పెట్టాడు: 'మిత్రులారా, శనివారం పొద్దున మన మార్కెట్ వెనక మురుగుకాలవ పూడిక తీతకు శ్రమదానం. పారలు, తట్టలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవలెను. అందరూ తప్పక రావాలి.'

అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. తరవాత ఒక్కొక్కటిగా జవాబులొచ్చాయి. ఒకరికి పెళ్లి, ఒకరికి నడుంనొప్పి. శివాజీకి పార్టీ పని. 'సువార్త కూటములున్నవి, క్షమించగలవు' అని కృపారావు పెట్టాడు. శనివారం ఉదయం చోడవరంలో దాసు గురించి వాకబు చేసిన నాథుడు లేడు. కనపడితే పార చేతికిస్తాడేమోనని భయం.

దాసూ సంధ్యారాణీ హాయిగా బస్సెక్కారు. ప్రవల్లిక ఈసారి పరిచిన రెండు చాపలకీ ఇద్దరే వచ్చారు. శ్వాస పాఠం అయ్యాక ఒడ్డు వెంట నడుస్తుంటే సరుగుడు చెట్ల కింద ఒక మనిషి మఫ్లర్ పరుచుకుని వెల్లకిలా పడుకుని కనిపించాడు. పక్కన ఆయన భార్య కృపామణి జంతికలు తింటూ సముద్రం చూస్తోంది.

"మేస్టారు కాదేటి?" అంది సంధ్యారాణి.

కృపారావు ఒక కన్ను తెరిచాడు. దాసుని చూశాడు. దాసు ఆయన్ని చూశాడు. కృపారావు మెల్లగా ఆ కన్ను మూసేశాడు. దాసు భార్య మోచెయ్యి పట్టుకుని రెండో వైపు తిప్పాడు.

"పలకరించకపోతే ఏటనుకుంటారండీ?" అంది ఆమె.

"ఏటీ అనుకోరు. పద."

కొంచెం దూరం పోయాక సంధ్యారాణి ఇసకలో కూలబడి, చీర కొంగు మొహం మీద కప్పుకుని, ఎండ చల్లబడేదాకా లేపొద్దని చెప్పి నిద్రపోయింది.