ఒకటి ఎక్కువ

కొత్త స్కానరుకు బొట్టు ఎక్కడ పెట్టాలో రత్నసభాపతికి కాసేపు తోచలేదు. ఆయుధపూజ నిన్ననే అయిపోయింది, ఈ పెట్టె ఇవాళ దిగింది. అయితే మాత్రం? పీలమేడులోని ఆ నూలు మిల్లు టెస్టింగు గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన బొట్టు పెట్టని పనిముట్టును ముట్టింది లేదు. మూత మీద పెడితే చెయ్యి తగిలి చెరిగిపోతుంది. మూత ఎత్తి, గాజు మూలన చిటికెనవేలితో ఆవగింజంత గంధం చుక్క పెట్టాడు.

ఆయన పని దూదిలో ముడులు లెక్కపెట్టడం. మిల్లులో వాటిని నెప్ అంటారు. పలచని దూది పొరను నల్ల అట్ట మీద పరిచి, భూతద్దం పెట్టి, తెల్లటి నలుసుల్లాంటి ముడులను లెక్కించి పుస్తకంలో రాయాలి. అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళూ అంతే. సన్నటి మనిషి. భూతద్దం ఒరుసుకుని కుడికంటి కింద చర్మం నల్లబడింది. షుగరు వచ్చాక ఎడమకన్ను మసకబారిన సంగతి భార్య రంగనాయకికి కూడా చెప్పలేదు. ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. కొత్త పద్ధతితో ఆయన లెక్క కలిస్తే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటామని మేనేజరు అన్నాడు.

అవినాశి నుంచి వచ్చే చారులత కొత్త క్వాలిటీ ఆఫీసరు. అందరూ తమిళం మాట్లాడే ఆ గదిలో ఇంటి తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. ఏం డౌన్‌లోడ్ చెయ్యాలో ఆమె చీటీ రాసిచ్చింది. శాస్త్రజ్ఞులు కణాలు లెక్కపెట్టుకోడానికి తయారుచేసి, అందరికీ ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేరట. జిప్ ఫైలు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. విప్పి ఒక ఫోల్డరులో పెడితే చాలు, ఇన్‌స్టాల్ అనే తతంగమే లేదు. స్టీలు స్కేలును స్కాన్ చేసి మిల్లీమీటరంటే ఎంతో దానికి చెప్పాడు. ఎక్కడిదాకా నలుపు, ఎక్కణ్ణించి తెలుపు అన్నదీ గీత జరిపి చూపించాడు. తన పనిని తనే దానికి నేర్పుతున్నానని తెలుసు. బాధ కలగాలి కదా, కలగలేదు.

ముందు అట్ట మీద కంటితో లెక్కపెట్టి, తర్వాత అదే పొరను గాజు మీద పరిచి, పైన నల్ల అట్ట కప్పి స్కాన్ చేశాడు. ఆయనకు పదహారు, దానికి పదిహేడు. ఆయనకు తొమ్మిది, దానికి పది. అన్నం మానేసి పదకొండు పొరలు చూశాడు. ప్రతిసారీ దానికి ఒకటి ఎక్కువే.

"ఒగటే గదా మామా. నేను మేనేజరుతో మాట్లాడతా," అంది చారులత.

"వద్దమ్మణీ. పొరకొకటి విడిచిపెడతా ఉండా. ఎన్నేండ్లుగా విడిచిపెడతా ఉండానో, ఎవురికి తెలుసు."

తన ఉద్యోగం పొడిగించనక్కర్లేదని తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాసిచ్చాడు. రేపటి నుంచి నెలాఖరు దాకా మిగిలిన సెలవు వాడుకుంటానన్నాడు. పాత లెక్కల పుస్తకాలు బీరువాలో పెట్టి, భూతద్దం తుడిచి ఆమె చేతికిచ్చాడు. స్కానరు మూత మెల్లగా దించాడు. గాంధీపురం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే కూర్చున్నాడు. ఏడుపు రాలేదు.

టెస్టింగు గదిలో, దించిన మూత కింద, గాజు మూలన, పొద్దున ఆయన పెట్టిన గంధం చుక్క ఎండి తెల్లబడి, అచ్చం దూదిలో ముడిలాగే ఉంది.