నోటు మీద కలిసాయ పేరు

లాపాస్ నగరపు అంగడిలో సెనోబియా కలిసాయ రొట్టెలు అమ్మేది. ఆమె పక్కనే నా బంగాళాదుంపల గంప. ఆ ఏడాది పొద్దున ఉన్న ధర మధ్యాహ్నానికి ఉండేది కాదు. నోట్లు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. కట్ట మీద కట్ట పెట్టి, ఎత్తు చూసి తీసుకునేవాళ్లం.

ప్రతి నోటు అడుగునా సెనోబియా తమ్ముడు నెమేసియో కలిసాయ సంతకం ఉండేది. కేంద్ర బ్యాంకులో పెద్ద అధికారి అతను. మొదట్లో ఆమె ఆ పేరు అందరికీ చూపించి మురిసిపోయేది. ఒకరోజు ఒక గని కార్మికుడి భార్య, బసీలియా, వచ్చి నోట్ల కట్ట ఆమె మొహాన విసిరికొట్టింది.

"నీ తమ్ముడు సంతకాలు గీకుతుంటే మా పిల్లలు ఖాళీ గిన్నెలు నాకుతున్నారు. తీసుకో, ఈ కాగితాలు నువ్వే తిను!"

ఆ తర్వాత ఆమె దగ్గర ఎవరూ రొట్టె కొనలేదు. ఆదివారం ఆమె తమ్ముడి ఇంటికి బయలుదేరింది. తోడుగా నన్నూ లాక్కెళ్లింది. నెమేసియో భార్య మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"ఒరేయ్, ఆ బ్యాంకు ఎందుకు పెట్టారో ఉద్యోగం వచ్చిన కొత్తల్లో గొప్పగా చెప్పావే, మళ్లీ చెప్పు," అంది సెనోబియా.

"అంతకుముందు ఎవరి బ్యాంకు నోట్లు వాళ్లు అచ్చు వేసుకునేవాళ్లు. అందరికీ కలిపి ఒకటే ఉండాలని ఇది పెట్టారు. ప్రభుత్వం ఎక్కువ నోట్లు అడిగినా కాదనగలగాలి, దాని పని అదే."

"మరి కాదన్నారా?"

"పరాగ్వేతో యుద్ధం వచ్చింది. సైన్యానికి డబ్బు కావాలన్నారు, నోట్లు వేసి ఇచ్చారు. అప్పుడే కాదనడం అలవాటు తప్పింది, అక్కా."

"ఆ యుద్ధానికి వెళ్లినవాళ్లు ముసలాళ్లయి పోయారు కూడా. నువ్వు ఎవరితో పోరాడుతున్నావు ఇప్పుడు?"

"జీతాలివ్వాలి. కార్మికులు డైనమైట్ పట్టుకుని వీధుల్లో ఉన్నారు. మంత్రి కాగితం పంపుతాడు, నోట్లు బయటి దేశాల్లో అచ్చయి విమానాల్లో దిగుతాయి. నేను ఒప్పుకోకపోతే ఇంకొకడు ఒప్పుకుంటాడు."

"ఒప్పుకోనీ! వాడి అక్కని తిట్టుకుంటారు."

"ఈ ఇల్లు ఆ సంతకంతోనే నిలబడింది, వదినా," అంది అతని భార్య.

"నా అంగడి దాంతోనే కూలింది," అని సెనోబియా శాలువా కప్పుకుని బయటికి నడిచింది.

వానలు మొదలయ్యాక ఇంకా పెద్ద నోటు వేయమని ఆదేశం వచ్చింది. ఈసారి నెమేసియో ఒప్పుకోలేదు. సాయంత్రానికల్లా ఉద్యోగం తీసేసి బ్యాంకులో అతని గది ఖాళీ చేయించారు. కొత్త నోటు ఇంకొకరి సంతకంతో వచ్చింది. ధరలు అలాగే పరిగెత్తాయి.

అతను సూటులోనే మా అంగడికి వచ్చాడు.

"అక్కా, కాదన్నాను."

"ఇప్పుడా? ఎవరి కడుపు నిండింది?"

"నీ మాట నిలబెడదామని..."

"నా మాట ఎవరికి కావాలి? అదుగో బసీలియా. దాని పెద్దవాడు బడి మానేసి గనిలోకి దిగాడు. వెళ్లి వాడికి చెప్పు."

బసీలియా అతన్ని గుర్తుపట్టింది. నా గంపలోంచి ఒక దుంప తీసి గట్టిగా విసిరింది. నుదుటి మీద తగిలి చర్మం చిట్లి రక్తం కారింది. సెనోబియా ఆమె చెయ్యి పట్టుకోలేదు. తమ్ముడి నుదురు తుడవనూ లేదు. అతను కదలకుండా అలాగే నిలబడ్డాడు. నాకే చూడబుద్ధి కాలేదు.

చుట్టూ మూగినవాళ్లంతా చెదిరిపోయాక సెనోబియా అంది: "పిండి పిసకడానికి మనిషి కావాలి. రేపట్నించి రా. సూటు వేసుకుని వచ్చావంటే తరిమేస్తా. క్షమించాననుకోకు."

అతను వచ్చాడు. ఒకే తొట్టికి చెరోవైపు నిలబడి, పనికి కావలసిన మాట తప్ప ఇంకో మాట లేకుండా ఆ అక్కాతమ్ముళ్లు ఏడాది పాటు పిండి పిసికారు. మెల్లగా కొందరు కొనడం మొదలుపెట్టారు. బసీలియా మాత్రం రొట్టె కోసం కొండ దిగి వేరే అంగడికి పోయేది. మా వరుస దాటేటప్పుడు నేల మీద ఉమ్మి మరీ పోయేది.