పచ్చదారం స్టేటరు

తవిటయ్య వీధికి వీపు పెట్టి ముడి వేస్తున్నాడు. చోడవరంలో మోటారు వైండింగ్ షాపు తెరిచిన నాటినుంచీ అంతే. రాగి తీగ చుట్టేటప్పుడు ఎవరు చూసినా ఊరుకుంటాడు, పిలిచి స్టూలు కూడా వేస్తాడు. చుట్లు కదలకుండా దారంతో బిగించే ఆఖరి ముడి దగ్గరకొచ్చేసరికి మాత్రం గోడవైపు తిరిగిపోతాడు. పెళ్ళాం అచ్చియ్యమ్మకి కూడా ఆ ముడి చూపించలేదు. ఆవిడేం చేసుకుంటుంది పాపం, అయినా చూపించలేదు. ఆ పనివాళ్ళలో ఎవరి ముడి వాళ్ళది, ఎవరి దారం రంగు వాళ్ళది. తవిటయ్యది ఎరుపు.

మనిషి సన్నగా, ఒక భుజం కిందికి జారి ఉంటాడు. కుడి బొటనవేలి గోరు వార్నిష్ తాగి తాగి నల్లబడింది. ఈమధ్య పనిని ముక్కు దగ్గరకి తెచ్చుకుని చూస్తున్నాడు. అదేమిటంటే బల్బు మంచిది కాదంటాడు. మూడు బల్బులు మార్చాడు, ఒక్కటీ మంచిది దొరకలేదు.

పక్క షెడ్డు బంగార్రాజుది. బైకు మెకానిక్కు. బళ్ళలో కరెంటు పుట్టించే స్టేటరు కాలిందంటే, ఏళ్ళ తరబడి, తిన్నగా తెచ్చి తవిటయ్య చేతిలోనే పెట్టేవాడు. కొన్ని నెలలుగా ఒక్కటీ తేలేదు. బళ్ళకి స్టేటర్లు కాలడం మానేశాయి కాబోలని తవిటయ్య సరిపెట్టుకుని, చెరకు రైతుల పంపు మోటార్లతో కాలక్షేపం చేస్తున్నాడు.

ఇవాళ పెద్ద బండొకటి వచ్చింది. రెండు పక్కలా సంచులు, ముందు అదనపు లైట్లు. బండివాడు సంతోష్‌కుమార్‌ది బుచ్చయ్యపేట, ఉద్యోగం విశాఖలో. ఎల్లుండి లద్దాఖ్ బయల్దేరాలట, బ్యాటరీ చార్జి ఎక్కడం లేదట. స్టేటరు కాలిపోయిందని బంగార్రాజు తేల్చాడు. కొండల్లో ఆగిపోతే దిక్కుండదు, గట్టిది వెయ్యమని అతను బతిమాలుతున్నాడు.

అన్నీ విన్నాడు తవిటయ్య. చేతులు తుడుచుకున్నాడు. స్టూలు దులిపాడు. ఇన్నాళ్ళకి పెద్ద బండి, అంత దూరం పోయే బండి! తన ఎర్రదారం లద్దాఖ్ చూసి వస్తుంది. పిలుపు కోసం చూశాడు. పిలుపు రాలేదు. ఇక ఉండబట్టలేక తనే లేచి వెళ్ళాడు.

గోనెపట్టా మీద మూడు స్టేటర్లు పెట్టి బంగార్రాజు వివరంగా చెబుతున్నాడు. మొదటిది డూప్లికేటు, ఘాట్ రోడ్డు ఎక్కకముందే మాడిపోతుంది. రెండోది కంపెనీదే గానీ పాత బండిలోంచి తీసింది, నమ్మకం చెప్పలేడు. మూడోది కొత్తగా చుట్టించింది, ఇదే వేసుకోమన్నాడు. మూడోదానికి పచ్చదారం కట్టి ఉంది.

తవిటయ్య గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్నాడు. దాన్ని చేతిలోకి తీసుకుని ఎండలోకి తిప్పాడు. ఒక్క తప్పు, దేవుడా, ఒక్క తప్పు చూపించు అనుకున్నాడు. తీగ తీగని ఒరుసుకుని తీరుగా కూర్చుంది. గోటితో గీరినా కదల్లేదు. తిరగేశాడు. లోపలి అంచున ముడి కనిపించింది. తన ముడే! తనదానికంటే బిగువుగా ఉంది.

అతని ముఖం చూసి బంగార్రాజు సంతోష్‌కుమార్‌ని టీలు తెమ్మని పంపాడు.

"ఎవుడు కట్టేడురా ఇది?"

"దుర్గాదేవి, మావా. అనకాపల్లి రోడ్డులో జాకెట్లు కుట్టే గుంట."

"నా ముడి దానికెలా తెలిసింది?"

"నువ్వు కట్టినవి ఇప్పి సూసి నేర్సుకుంది."

"నేను కట్టినవి ఇప్పడానికి దానికేటి పని?"

బంగార్రాజు స్పానరు తీసి తుడవసాగాడు. "తిరిగొచ్చేయి మావా. కిందటేడు నువ్వు కట్టినవన్నీ కాలిపోయి తిరిగొచ్చేయి. నీకు సెప్పలేకపోయేను. దానిసేత మళ్ళీ కట్టించి, నీ పేరు సెప్పే ఇచ్చేసేను."

పాపం ఆ పిల్లకి కూర్చోను చోటు కూడా లేదని, ఎవరిదో అరుగు మీద టార్పాలిన్ కట్టుకుని చుడుతోందని, వాన పడితే పనంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందని ఇంకా ఏదో చెప్పుకుపోయాడు. తవిటయ్యకి జాలేం కలగలేదు. కుళ్ళుతో ఒళ్ళంతా మండిపోయింది. తప్పు బల్బుది కాదన్నమాట. అది సరే. ఇన్నేళ్ళూ లోకమంతటికీ వీపు చూపించి దాచుకున్నదాన్ని, ఒక జాకెట్లు కుట్టే పిల్ల అరుగు మీద కూర్చుని తీరిగ్గా విప్పి చూసుకుంది. దాని కళ్ళు కావాలనిపించింది. దాని వేళ్ళు కావాలనిపించింది. సిగ్గు లేకుండా కావాలనిపించింది.

సంతోష్‌కుమార్ టీలు తెచ్చాడు. "బాబాయ్, ఇది మీ చేతి పనేనంట గదా, బంగార్రాజు ఇందాక చెప్పేడు. మీరు సరేనంటే బిగించేత్తాడు."

బంగార్రాజు తల వంచుకున్నాడు. అవునంటే చాలు, లద్దాఖ్ దాకా తవిటయ్య పేరే వెళుతుంది. అవును అన్నమాట నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"నాది కాదు బాబూ. నేను ఇంత బాగా కట్టలేను," అన్నాడు తవిటయ్య. "ఇదే ఏయించుకో."

స్టేటరు బంగార్రాజు చేతిలో పెట్టి తన షాపులోకి వెళ్ళిపోయాడు. మిగిలిన పంపు మోటారు తాలూకు రైతుకి ఫోను చేసి, వేరేచోట ఇచ్చుకోమన్నాడు. బల్ల తుడిచాడు. పనిముట్లన్నీ ఉన్నచోటే ఉంచాడు. ఎర్రదారం రీలు మాత్రం జేబులో వేసుకున్నాడు. అది వదలడానికి మనసు ఒప్పలేదు. షట్టరు దించి తాళం వేశాడు.

బంగార్రాజు బండి కింద దూరి పనిలో ఉన్నాడు. తవిటయ్య షెడ్డులోకి వచ్చి ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ పిల్ల పేరు చెప్పబోయాడు. నోరు రాలేదు. వెళ్ళి ఇంటికి రావికమతం ఆటో ఎక్కేశాడు. చెరకు ట్రాక్టర్ల వెనకాల ఆటో మలుపు తిరిగింది.

బండి స్టార్టయింది. లైట్లన్నీ వెలిగాయి. మావకి చూపిద్దామని బంగార్రాజు ఇవతలికి వచ్చి చూస్తే పక్క షట్టరు మూసి ఉంది. గోనెపట్టా మీద, పచ్చదారం స్టేటరు ఉండిన చోట, తవిటయ్య షాపు తాళంచెవి ఉంది.