కిటికీలున్న గది

"ఇంట్ల గాలి సాఫ్ లేదు సింధూ" అన్నాడు మా ఆయన. నేనప్పుడు పప్పులో పోపు వేస్తున్నాను. ఎండుమిరపకాయల ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే "అవునా" అన్నాను. ఆయన గడప అవతలే నిలబడి, తుమ్ముతూ, ఫోన్‌లో ఒక వీడియో నా వైపు తిప్పాడు. అందులో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన ఆరోగ్యకరమైన ఇంటికి ఏమేం అలవాట్లు కావాలో నవ్వుతూ చెబుతున్నాడు. పొద్దున్నే కిటికీలు తెరవాలట. చీపురుతో దుమ్ము లేపకుండా తడిబట్టతో తుడవాలట. దుప్పట్లు, కర్టెన్లు వేడినీళ్లలో ఉతకాలట. చెప్పులు గుమ్మం బయటే విడవాలట. దోమల చుట్టలు, అగరుబత్తులు కాల్చడం మానాలట.

"మంచిగ చెప్పిండు గదా? రేపటి సంది మనం గివన్నీ చేద్దాం."

ఆ 'మనం' ఎవరో నాకు తెలుసు. పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చిన కొత్తలో "మనం పొద్దుగాల్నే లేద్దాం, అవ్వకు చాయ పెడదాం" అని వాళ్లమ్మను చూపిస్తూ అన్నప్పుడే తెలిసిపోయింది. మరుసటి రోజు నుంచి కర్టెన్లు ఉతికాను, తడిబట్ట పెట్టాను, పరుపులు ఎండలో వేశాను. ఆయన దుకాణం నుంచి చెప్పులతోనే హాల్లోకి వచ్చి, సోఫాలో కూర్చుని, గట్టిగా గాలి పీల్చి "ఫరక్ తెలుస్తున్నది" అన్నాడు.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది అదే. తాగడు, అరవడు. బస్టాండు దగ్గర బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, కునుకు తీసి తిరిగి వచ్చేదాకా దుకాణంలో కూర్చునేది నేనే. దాన్ని ఆయన "మా సింధుకు జర టైంపాస్" అని నలుగురికీ చెబుతాడు. కానీ నాకు ఆ దుకాణం ఇష్టం. అక్కడ గ్రీజు వాసన, బస్సుల దుమ్ము ఎంతున్నా నాకు దగ్గు రాదు. ముందంతా తెరిచే ఉంటుంది కదా. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించగానే మొదలవుతుంది. మాది బారుగా కట్టిన ఇల్లు. ముందు హాలు, దానికి వీధివైపు రెండు పెద్ద కిటికీలు. వెనక పడకగది. మధ్యలో వంటిల్లు. దానికి అటూ ఇటూ పక్కిళ్ల గోడలే. కిటికీ పెట్టాలన్నా, పొగ లాగే ఫ్యాను బిగించాలన్నా జాగా లేదు. "అలవాటైతది తియ్" అన్నాడాయన మొదటి ఏడాది. తర్వాత నేనూ అడగలేదు.

ఆయన తుమ్ములు తగ్గలేదని కామారెడ్డికి డాక్టరు దగ్గరకు వెళ్లాం. డాక్టరు ఆయన్ని చూస్తుంటే పక్క కుర్చీలో నాకు దగ్గు తెర వచ్చింది. డాక్టరు చీటీ రాయడం ఆపి, నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"వంట ఎక్కడ చేస్తవమ్మా? కిటికీ ఉన్నదా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన "రెండున్నయి సార్, పెద్దపెద్దయి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇల్లంటే ఆయనకు గుర్తొచ్చేది హాలే.

"అవి హాల్ల ఉన్నయి సార్" అన్నాను నేను. "పొయ్యి కాడ లేవు."

"పొయ్యి కాడికి గాలి రాకపోతే నేనిచ్చే మందు సగమే పనిచేస్తది. ఇప్పుడు చూసుకోకుంటే ముందుముందు మెట్లెక్కుడు కూడా కష్టమైతది" అన్నాడు డాక్టరు. ఆ మాట మా ఆయన మీద బాగానే పనిచేసింది. తిరుగుబస్సు ఎక్కకముందే గాలిని శుభ్రంచేసే మిషను ఒకటి కొన్నాడు. దాన్ని తెచ్చి హాల్లో, సోఫా పక్కన పెట్టాడు.

"వంటింట్ల పెడితే?" అన్నాను.

"నూనె జిడ్డు పట్టి ఖరాబైతది. అంత మంచి మిషను!"

మా అత్తమ్మ భూదవ్వ బీడీలు చేస్తుంది. ఆ బీడీల మీదే కొడుకును చదివించింది. పొద్దంతా హాల్లో కిటికీ కింద, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు చుడుతూ వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించేది. మిషను వచ్చిన రెండో రోజు మా ఆయన "అవ్వా, నీ తంబాకు దుమ్ముకు మిషనుల ఎర్రలైటు వస్తున్నది. జర లోపల కూసో" అన్నాడు. ఆమె చాట ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి నా పొయ్యి పక్కన కూర్చుంది.

ఆ రోజు నేను మిరపకాయల తొక్కు కోసం పచ్చిమిర్చి వేయిస్తున్నాను. పొయ్యి ఘాటు, తంబాకు ఘాటు కలిసి ఆ గదిలో మమ్మల్నిద్దరినీ పట్టుకున్నాయి. నేను దగ్గుతున్నాను సరే, అత్తమ్మకు ఊపిరి అందలేదు. కళ్లు తేలేసింది. పొయ్యి ఆపి, ఆమె చంకల్లో చేతులు వేసి, హాలు దాటించి వీధి అరుగు మీదకు లాక్కొచ్చాను. కాసేపటికి తేరుకుంది. ఇద్దరం ముక్కులు చీదుకుంటూ, గసపోస్తూ కూర్చున్నాం. కిటికీలోంచి చూస్తే ఖాళీ హాల్లో మిషను నీలంలైటు వేసుకుని నిమ్మళంగా నడుస్తున్నది.

"ఎవ్వలకు బెట్టిండే గా మిషను?" అంది అత్తమ్మ.

"సోఫాకు" అన్నాను.

ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నాకు వచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాం. అత్తమ్మ నవ్వి నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుని, "మీ మామ గూడ గట్లనే అనేటోడు బిడ్డా, పొగకు అలవాటైతవని" అంది.

"అయినవా?"

"ఏడైన? అలవాటయ్యేలోపు గాయననే పోయిండు."

నేను కిటికీలకేసి చూశాను. గోడకు కిటికీ పెట్టలేకపోతే, పొయ్యినే కిటికీ దగ్గరకు తేవచ్చు కదా! ఇన్నేళ్లలో నాకెందుకు తట్టలేదు? హాలు అంటే హాలే, వంటిల్లు అంటే వంటిల్లే అని గోడలేమీ చెప్పలేదు. రోజులో గంటసేపు టీవీ చూసే మనిషికి రెండు కిటికీలు, పొద్దంతా మసలే ఇద్దరికి ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆ మాట పైకి అన్నాను. అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఎదురింటి అజ్మత్ బీని పిలువు. సోఫా మనిద్దరితోని లేవది."

అజ్మత్ బీ కొంగు బిగించుకుంటూ వచ్చింది. "యా అల్లా, ఇల్లు మారుతున్నరా?" అంది.

"ఇల్లు కాదు ఖాలా, అర్రలు మారుతున్నయి" అన్నాను.

సిలిండరు కట్టేసి, స్టవ్ తెచ్చి కిటికీ ముందు బల్ల మీద, సిలిండరు దాని కింద పెట్టాను. డబ్బాలు, గిన్నెలు, మిక్సీ ఒక్కొక్కటే వచ్చాయి. సోఫా, టీవీ, మిషను మధ్యగదిలోకి వెళ్లాయి. సోఫా గడపలో ఇరుక్కుంటే అజ్మత్ బీ దాన్ని ఉర్దూలో తిట్టి ఒక్క తోపు తోసింది. అత్తమ్మ తన చాటతో రెండో కిటికీ కింద కూర్చుంది.

సాయంత్రం మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరింటికో వచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేసి, తలుపు చూసుకుని, మళ్లీ లోపలికి వచ్చాడు.

"ఏందిది? చుట్టాలొస్తే ఏడ కూసుంటరు?"

"పొయ్యి కాడ" అంది అత్తమ్మ బీడీ చుడుతూనే. "తినేతందుకే గదా వచ్చేది."

"రోడ్డు మీదోళ్లందరు చూస్తరు అవ్వా, ఏం వండుతున్నమో!"

"చూడనీ" అన్నాను నేను. "డాక్టరు చెప్పిండు గదా, పొయ్యి కాడికి గాలి కావాలె. కిటికీలేమో ఈడున్నయి." కోపంగా అనలేదు. రొట్టెపిండి కలుపుతూ, బయట చింతచిగురు బేరమాడుతున్న అజ్మత్ బీని చూస్తూ అన్నాను. నాకు ఆ పూట ఒక్క దగ్గూ రాలేదు. ఆయన నన్ను, అత్తమ్మను మార్చి మార్చి చూసి, మూతి ముడుచుకుని మధ్యగదిలోకి పోయి టీవీ పెట్టుకున్నాడు. మేము నూనెలో ఆవాలు వేశాం. పొగ లేచి, వంగి, వీధిలోకి పోయింది.

కాసేపటికి ఆయన చెమట తుడుచుకుంటూ, వరసగా తుమ్ముతూ బయటికొచ్చాడు. "గీ అర్రల ఏం గాలాడ్తలేదు. సోఫా కిందంత దుమ్మున్నది. జర ఊడ్వరాదు?"

రొట్టె పెనం మీద పొంగుతోంది. వెనక్కి తిరగకుండానే "నా చెయ్యి ఖాళీ లేదు" అన్నాను. రొట్టెలు కాల్చడం ముగిసినా, అత్తమ్మ చేతులు ఖాళీ అయినా ఆ జవాబు మార్చకూడదని అప్పుడే అనుకున్నాను.

ఆయన పుట్టి పెరిగిన ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, మమ్మల్నిద్దరినీ చూస్తూ అడిగాడు:

"చీపురు ఏడుంటది?"