ముప్పై మూడో పేజీ

ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో పుస్తకాన్ని తిప్పి తిప్పి చూపిస్తూ రాంచందర్ వీడియో తీస్తున్నాడు. ముందు అట్ట, వెనక అట్ట, కుట్టు, నాలుగు మూలలు. ఆ తర్వాత బుడగల కవరు, దాని మీద అట్టపెట్టె, పెట్టె చుట్టూ మూడు వరసల టేపు. చివరికి పెట్టెను త్రాసు మీద పెట్టి, అంకె కనబడేలా ఫోను వంచి, "ఆరువందల నలభై గ్రాములు. గిదో, టేపు మీద నా సంతకం," అని గట్టిగా చెప్పాడు. ఎదురుగా జడ్జిగారెవరో కూర్చున్నట్టే ఉంటుంది ఆ గొంతు.

టేబులుకు అవతల దుబ్బయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయిందా సేటూ? ఇంకోటి తేవాల్నా?"

"ఆగు దుబ్బన్నా. టేపు మీద ఇంకో గీత గియ్యాలె."

రాంచందర్‌కు యాభై ఆరేళ్ళు. బక్కపలచని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఓ పెన్సిలు ముక్క. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో వాళ్ళ నాయిన పెట్టిన పాత కాగితాల దుకాణం ఆయనది. ఒకప్పుడు అందులో పేపర్లూ పుస్తకాలూ అన్నీ కిలోల లెక్కనే పోయేవి. ఆ గుట్టల్లోంచి మంచి పుస్తకాలను ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది దుకాణంలో పనిచేసే దుబ్బయ్య. అతనికి చదువు రాదు. అంకెలొక్కటే వచ్చు. కానీ కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, కుట్టు చూసి, బొమ్మలు చూసి, "గిది పొట్లాలకు ఇయ్యకు సేటూ, పాపం తగుల్తది," అనేవాడు. అయిదేళ్ళ కింద ఆన్‌లైన్ అంగడి వచ్చి, ఎక్కడెక్కడి వాళ్ళో పాత పుస్తకాల కోసం ఎగబడటం మొదలయ్యాక తెలిసింది, దుబ్బయ్య ఏరి పెట్టిన అల్మారే ఆ ఇంటి అన్నం గిన్నె అని.

అనుమానం రాంచందర్‌కు పుట్టుకతో వచ్చింది కాదు, పార్సిల్లో వచ్చింది. మొదటి ఏడాది, తోలు అట్ట వేసిన ఓ పాత పత్రికల సంపుటి అమ్మాడు. వారం తిరక్కుండా 'నచ్చలేదు' అని వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే లోపల పదో తరగతి గైడూ, బరువుకు సగం ఇటుకా. లబోదిబోమంటూ ఆ ఆన్‌లైన్ కంపెనీకి రాస్తే, 'మీరు పంపిన ఆధారాలు సరిపోవు' అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రోజు నుంచి వీడియోలు, తూకాలు, సంతకాలు. కొన్నాళ్ళకు అది దుకాణం దాటి ఇంట్లోకీ వచ్చింది. పాలగిన్నె మీద గీత, పప్పుడబ్బా మీద గీత.

నాలుగు నెలల కింద ఆయనకు ఓ ఉపాయం తట్టింది. పుస్తకాన్ని ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేటప్పుడే, ముప్పై మూడో పేజీ కింద, అంకె పక్కన పెన్సిలుతో ఆవగింజంత చుక్క. వెనక్కి వచ్చిన పుస్తకంలో చుక్క ఉంటే తనది, లేకపోతే మార్చినట్టు. ఈ సంగతి భార్య ప్రమీలాదేవికి చెప్పలేదు, దుబ్బయ్యకు అసలే చెప్పలేదు. ప్యాకింగప్పుడు ఎదురుగా దుబ్బయ్య ఉంటాడని ఆ పేజీ తెరిచేవాడు కూడా కాదు. గుట్టు ఇద్దరికి తెలిస్తే గుట్టేముంది!

పదకొండింటికి డెలివరీ మహేశ్ వచ్చి ఓ పెట్టె బల్ల మీద పెట్టాడు.

"రిటర్న్, సేటు."

పదిహేను రోజుల కింద నిజామాబాదుకు పంపిన పక్షుల పుస్తకం అది. అరవై ఏళ్ళనాటి అచ్చు, పలచని కాగితం కప్పిన రంగు బొమ్మలు. కొన్నావిడ పేరు నవనీత. 'పుస్తకం చాలా బాగుంది. కానీ పురుగు పట్టకుండా వేసే డాంబరు గోలీల వాసన నాకు పడటం లేదు, ఆయాసం వస్తోంది. క్షమించండి' అని రాసింది.

"క్షమించాల్నట," అని గొణుక్కున్నాడు రాంచందర్. వాసన పడలేదని పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు లోకంలో ఉంటారా! మహేశ్ నిలబడి ఉండగానే వీడియో తీస్తూ పెట్టె విప్పాడు. అతన్ని పంపించి, గోడవైపు తిరిగి ముప్పై మూడో పేజీ తెరిచాడు. చుక్క లేదు.

అట్ట అదే, బొమ్మలు అవే, కుట్టూ అదే. ఇంత అచ్చంగా అట్లాంటి ప్రతినే వెతికి తెచ్చి పెట్టారంటే ఎంత తెలివి! వెంటనే నవనీత మీద కంపెనీకి ఫిర్యాదు పంపాడు. పంపాక చల్లగా ఇంకో ఆలోచన వచ్చింది. చుక్కలు పెట్టడం మొదలయ్యాక వెనక్కి వచ్చినవి మూడు. మూడింట్లోనూ చుక్క లేదు; మొదటి రెండింటికీ కొన్నవాళ్ళనే తిట్టుకున్నాడు. మూడు వేరు వేరు ఊళ్ళు, మూడు వేరు వేరు పేర్లు. ముగ్గురూ దొంగలేనా? లేక మూడింటినీ తాకిన చెయ్యి ఒక్కటేనా?

తలెత్తి చూశాడు. మూలన ఎత్తుపీట మీద దుబ్బయ్య. అరవై దాటిన మనిషి, దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు, ఒళ్ళో పుస్తకం, పక్కన పాత బిస్కెట్ల రేకుడబ్బా. అందులో మెత్తటి బ్రష్షు, పౌడరు, బ్లేడు, సూదీదారం, రబ్బరు. ఆర్డరు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా దులిపి, తుడిచి గాని ఇవ్వడు. తన ఊరు వేములఘాట్ రిజర్వాయరు నీళ్ళ పాలైనప్పుడు అందరితో పాటు గజ్వేల్ దగ్గరి కాలనీకి పోయాడు. ఇక రాడేమో అనుకుంటే, మూడో రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. "ఊరు పోయింది, పనన్న ఉండనీ సేటూ," అన్నాడు. ఆ రోజు రాంచందర్ కళ్ళు తడిశాయి. ఈ రోజు అవే కళ్ళు అతని సంచీ వైపు చూశాయి.

"దుబ్బయ్యా."

ఇరవై రెండేళ్ళుగా 'దుబ్బన్నా' అన్న నోరు అది. దుబ్బయ్య కళ్ళద్దాలు తీసి లేచి వచ్చాడు.

"నేను పంపిన పుస్తకం గిది గాదు. గిట్లయితాంటే మూడోసారి. అల్మారల నుంచి తీసేది నువ్వు, నా చేతికిచ్చేది నువ్వు. నడుమల ఇంకెవ్వలు లేరు. అసలుది ఎవలికిస్తున్నవ్?"

దుబ్బయ్య పుస్తకం తీసుకుని, కుట్టు మీద వేలు నడిపాడు.

"గిది మనదే సేటూ. గీ కుట్టు నేనే ఏసిన."

"కుట్టు ఎవడైన ఏస్తడు."

దుబ్బయ్య పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నన్ను దొంగంటున్నవా?"

కాదు అనడానికి ఒక్క మాట చాలు. రాంచందర్ ఫోనులోకి చూస్తూ కూర్చున్నాడు.

దుబ్బయ్య వెనక్కి వెళ్ళి, సగంలో ఉన్న పుస్తకాన్ని చివరిదాకా తుడిచి అల్మారలో పెట్టాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సంచీలోంచి టిఫిను గిన్నె తీసి, సంచీని బోర్లించి దులిపి చూపించి, మళ్ళీ గిన్నె అందులో పెట్టుకున్నాడు.

"పోతున్న," అన్నాడు. రోజూ 'పోయొస్త' అనే మనిషి.

విషయం విని ప్రమీలాదేవి అన్నం వడ్డిస్తూనే నిప్పులు కురిపించింది. "పాలకు గీత పెడ్తరు, పప్పుకు గీత పెడ్తరు. మనిషికి గూడ పెట్టిన్రా? ఆయన ఏరిన పుస్తకాలే గదా మనం తింటున్నది!"

ఆయన సగం అన్నం వదిలేసి దుకాణానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంకో ఆర్డరు వచ్చింది. తుడిచేవాళ్ళు లేరు. రాంచందరే రేకుడబ్బా ముందేసుకుని ఎత్తుపీట మీద కూర్చున్నాడు. ఎవరో చదువరి పేజీ పేజీకీ పెన్సిలు గీతలు కొట్టి పెట్టాడు. ఒక్కొక్కటీ చెరపడం, పొడి ఊదడం, పేజీ తిప్పడం. కాసేపటికి చెయ్యి తనంతట తానే నడుస్తోంది. గీత చెరిపాడు, టిక్కు చెరిపాడు, పేజీ తిప్పాడు, అంకె పక్కన చుక్క ఉంటే అదీ చెరిపాడు. పొడి ఊదబోయి ఆగిపోయాడు. అది ముప్పై మూడో పేజీ. చెరిపింది తన చుక్కనే.

పేజీని వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూశాడు. చుక్క పోయినా, పెన్సిలు మొన నొక్కిన చిన్న గుంట మిగిలి ఉంది. పరుగున వెళ్ళి పక్షుల పుస్తకం తెచ్చి కిటికీ దగ్గర అట్లాగే వంచాడు. అంకె పక్కన గుంట. వేలి కొసకు తగిలింది కూడా. అయ్యో! తన పుస్తకమే. మొదటి నుంచీ తన పుస్తకమే.

వెంటనే దుబ్బయ్యకు ఫోను కలిపాడు. అవతల బస్సు చప్పుడు.

"దుబ్బన్నా, ముప్పై మూడో పేజీల చుక్కలు... నువ్వు తుడిచినవా?"

"గా చుక్కలా? మస్తు పుస్తకాలల్ల ఉన్నయి సేటూ, గదే పేజీల. ఎవలో పిచ్చోడు పెట్టిండనుకున్న. తుడిచిన. నీ పుస్తకం సాఫ్ ఉండాలె గద."

"నేనే పెట్టిన దుబ్బన్నా. మన పుస్తకం ఆనవాలు పట్టనీకి."

బస్సు ఎక్కడో ఆగింది, కండక్టరు ఏదో అరిచాడు.

"నాకొక్క మాట చెప్తే తుడవకపోయేటోన్ని గద సేటూ."

"తప్పైంది. పెద్ద తప్పైంది. రేపు రా దుబ్బన్నా, నీ కాళ్ళు మొక్కుత."

"గంత మాటెందుకు సేటూ. దొంగవని ఇయ్యాల అన్నవనుకున్న. కాదు. నాకు చెప్పకుంట మొదటి చుక్క పెట్టినవ్ సూడు, గా దినమే అన్నవ్. అన్ని దినాలు తెల్వక నీతోని నవ్వుకుంట పనిచేసిన. ఇగ రాను. నువ్వు పైలంగ ఉండు."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మోగింది, ఎత్తలేదు.

రాంచందర్ నవనీత మీద పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకున్నాడు. అది ఒక్క నొక్కుతో అయిపోయింది. సాయంత్రం మహేశ్ వచ్చి పార్సిలు అడిగితే రేపు రమ్మన్నాడు. మర్నాడు గజ్వేల్ బస్సు వచ్చే వేళకు దుకాణం మెట్ల మీద నిలబడ్డాడు. ఆ మర్నాడూ నిలబడ్డాడు. అల్మార దగ్గరికి పోయి, ఒక్కో పుస్తకం దించి, తను పెట్టిన చుక్కలన్నీ చెరపడం మొదలుపెట్టాడు. నాలుగు పుస్తకాలయ్యాక ఆపేశాడు. రబ్బరు చేతిలో కుదరలేదు.

దాన్ని రేకుడబ్బాలో, తీసిన చోటే పెట్టాడు. సగానికి అరిగిన తెల్ల రబ్బరు, ఓ పక్క దుబ్బయ్య బొటనవేలి అచ్చు పడిన గుంట.