పేరు కొడితే రాని పేజీ

పొద్దున్నే బెల్లం మార్కెట్టుకి బయల్దేరే ముందు సూర్యనారాయణమూర్తి తన కళ్ళజోడు ఎక్కడుందో భార్యనడుగుతాడు. వరహాలక్ష్మి "కళ్ళజోడు" అంటుంది. అనగానే ఆమె కుడి చూపుడువేలు దానంతటదే తిరిగి, అది ఎక్కడుంటే అటు చూపిస్తుంది. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ అంతే. తప్పిపోయిన గేదెల కోసం రావికమతం నుంచి కూడా వచ్చి అడిగి వెళ్తుంటారు.

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దామె సుమశ్రీ పెళ్లికి ముందు నాలుగేళ్ళు నెట్ సెంటర్లో పనిచేసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. చిన్నామె ధనశ్రీ కుట్టుపని నేర్పుతుంది. మేడగదిలో మూలపడిన కంప్యూటర్ని సర్వర్‌గా మార్చి, జాకెట్టు కటింగు బొమ్మలన్నీ ఒక వెబ్ పేజీలో పెట్టింది. ఫోనులో ఆ పేజీ పేరు కొట్టి, బుచ్చయ్యపేటలో ఆడవాళ్ళు కూడా చూసి కత్తిరించుకుంటున్నారు. "మా చిన్నకోడలు" అని మామగారు మార్కెట్టంతా చెప్పుకునేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా సుమశ్రీకి అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

అత్తగారు రాంబిల్లిలో చెల్లెలింటికి వెళ్లిన రోజు మధ్యాహ్నం, సుమశ్రీ తన ఫోనులో ఇంటి రౌటరు సెట్టింగులు తెరిచి ఒక్క లైను రాసింది. ఎవరు ఏ పేజీ పేరు కొట్టినా, దాని సర్వర్ నంబరు ఫోనుకి చెప్పేది ఆ రౌటరే. ధనశ్రీ పేజీ పేరు ఈ ఇంట్లో ఏ ఫోను అడిగినా, తప్పుడు నంబరు చెప్పమని.

అంతే, బయట నిక్షేపంగా ఉన్న పేజీ ఇంట్లో మాత్రం కనబడ్డం మానేసింది. ధనశ్రీ సర్వర్ ఆపి మళ్ళీ వేసింది, వైర్లు మార్చింది.

"సర్వర్ నంబరు కొడితే వత్తంది, పేరు కొడితే రావట్లేదక్కా!" అని సుమశ్రీ దగ్గరే వాపోయింది.

"అయ్యో," అంది సుమశ్రీ. ఆ రెండు రోజులూ ఆమెకి అన్నం హితవుగా ఉంది.

మూడో రోజు మామగారికి విసుగొచ్చింది. "ఇంట్లోనే కనబడంది ఊరంతా సూత్తన్నారంటే ఎలా నమ్మేది? ఊరికే కరెంటు తింటంది. రేపు పాతసామాన్లోడికి ఇచ్చెయ్యండి."

సరిగ్గా అప్పుడే వరహాలక్ష్మి బస్సు దిగి వచ్చింది. ధనశ్రీ కళ్ళు తుడుచుకుంటూ ఎదురెళ్ళి, "అత్తయ్యా, నా పేజీకి లోపం ఎక్కడుందో చూడండి," అంది.

"పేజీ లోపం," అంది వరహాలక్ష్మి.

వేలు మెల్లగా తిరిగింది. మేడ వైపు పోలేదు. గోడ మీది రౌటరునీ దాటింది. టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ సుమశ్రీ దగ్గర ఆగింది.

సుమశ్రీ గ్లాసులు గట్టు మీద పెట్టేసింది.

"అదిగో, పెద్దదానికి తెలుసట. దాన్నడుగు," అంది వరహాలక్ష్మి, చేతిసంచీ కింద పెడుతూ.

"ఏటమ్మా, నీకివన్నీ వచ్చా? ఇన్నాళ్ళూ సెప్పవేటి?" మామగారు లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆమె కాపురానికొచ్చిన ఆరేళ్ళలో అదే మొదలు.

సుమశ్రీ కూర్చుని ఫోనులో రౌటరు సెట్టింగులు తెరిచింది. తను రాసిన లైను అక్కడే ఉంది. వెనక నిలబడ్డ ధనశ్రీ ఊపిరి మెడకి తగులుతోంది. సుమశ్రీ దాన్ని చెరిపేసింది. పేరు కొట్టగానే జాకెట్టు బొమ్మలు వచ్చేశాయి.

ఇక మామగారి నోట "మా పెద్దకోడలు" అన్న మాటే. కంప్యూటర్లు మొరాయించిన కొట్లవాళ్ళు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. నెల తిరిగేసరికి మెయిన్ రోడ్డులో ఆమెకంటూ ఒక గది, గుమ్మం మీద ఆమె పేరుతో బోర్డు.

ధనశ్రీ ఆ లైను సంగతి ఎవరితోనూ అనలేదు. పేజీ తెరుచుకున్న సాయంత్రమే రౌటరు పాస్‌వర్డు మార్చింది. మార్చి, వంటింట్లోకొచ్చి, "రాసుకో అక్కా," అని కొత్తది సుమశ్రీ ఒక్కదానికే చెప్పింది.

అంత మనసున్నందుకు కూడా ఆమె మీద సుమశ్రీకి కుళ్ళే పుట్టింది.