మోకాలి లోతు

"కార్తీక మాసే, కృష్ణపక్షే, అమావాస్యాయాం, భానువాసరే..."

దేవుడి గదిలోంచి తండ్రి సంకల్పం చెప్పుకోవడం శేషగిరి పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. రోజూ వినబడేదాన్ని ఎవరు వింటారు? కానీ ఆ ఆదివారం పొద్దున్న ఏడున్నరకి, టెక్కలిలో తన ఇంటి పెరట్లో గడ్డం గీసుకుంటూ ఉండగా ఆ రెండు మాటలూ పక్కపక్కనే చెవిన పడ్డాయి. అమావాస్య. ఆదివారం. చేతిలో కత్తి ఆగిపోయింది. రాత్రి తన పుస్తకం బావ తిరగేస్తూ కూచోవడం గుర్తొచ్చింది.

"అక్కా! బావ ఏడీ?"

వంటింట్లోంచి సీతాదేవి నవ్వుతూ బయటికొచ్చింది. నిన్న సాయంత్రమే మొగుడితో, కూతురితో పుట్టింటికి వచ్చింది. బావ ఆరున్నరకే సైకిలు తీశాడనీ, ఆరేళ్ల మంగని ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని తమ్ముడు రాసిన పుస్తకం పట్టుకుని బయల్దేరాడనీ చెప్పింది. నీకు చెప్పొద్దన్నారురా, సాయంత్రం వచ్చి నువ్వు రాసినట్టే తిరిగొచ్చామని చెప్పి ఆశ్చర్యపరుస్తారట, అంది. పాపం, ఆవిడకేం తెలుసు!

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండు నెలలైంది. ఊళ్లో మేస్టర్లూ గుమాస్తాలూ కొత్త హుషారులో సైకిలు సంఘం ఒకటి పెట్టారు. ఆదివారాలు తోటలవెంటా ఏటిగట్లవెంటా తిరగాలని, ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎన్నింటికి ఎక్కడ ఉండాలి అన్నీ రాసిన దారిపుస్తకం కావాలనుకున్నారు. లెక్కల మాస్టారు శేషగిరి రాశాడు. టెక్కలి నుంచి గెడ్డ అనే వాగు గట్టు మీదుగా ఉద్దానం తోటల్లోకి, అక్కణ్ణుంచి భావనపాడు దగ్గర ఉప్పుటేరు దాటి, సముద్రం పక్కనే వజ్రపుకొత్తూరు మీదుగా పలాస స్టేషను దాకా. సైక్లోస్టైల్ తీసి నలభై ప్రతులు పంచారు. సంఘం కార్యదర్శి మల్లేశ్వరరావు సభలో దండ వేసి, అంతా మీరు తిరిగి చూసిందేనా మాస్టారూ అని అడిగాడు. శేషగిరి దండ సర్దుకుంటూ, "అడుగడుగూ," అన్నాడు.

అడుగడుగూ లేదు, ఏమీ లేదు. మూడు మైళ్ల దూరంలో గెడ్డ వంతెన దాకా వెళ్లి, ఎండ ముదిరిందని తిరిగొచ్చిన పెద్దమనిషి! తక్కినదంతా బండివాళ్లని అడిగి రాసింది. ఏటి సంగతి, సంతకి ఎండుచేపలు తెచ్చే ఎల్లాజీ చెప్పాడు. అష్టమినాడు పొద్దున్న తొమ్మిదికి నీళ్లు మోకాలి లోతుంటాయనీ, రోజుకి ముప్పావుగంట చొప్పున పోటు ఆలస్యమవుతుందనీ వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. శేషగిరి అందులో తిథి తీసేశాడు. పురోహితుడి కొడుకని బళ్లో వెనకాల పంచాంగం మాస్టారంటారు, అది అతనికి ముల్లులా గుచ్చుకునేది. సైకిలు పుస్తకంలో కూడా అష్టమీ నవమీ రాస్తే ఇంకేమైనా ఉందా? అందుకని నాగరికంగా, 'ఉదయం 9 గంటలకు ఏరు దాటవచ్చును. మోకాలి లోతు' అని రాసి ఊరుకున్నాడు.

అష్టమి నుంచి అమావాస్యకి ఏడు రోజులు. ఏడు ముప్పావులెంతో లెక్కల మాస్టారుకి ఒకరు చెప్పాలా? అక్కడ తొమ్మిదింటికి నీరు తీసే పాటు కాదు, నిండు పోటు. బావ భానుమూర్తి రైల్వేలో టిక్కెట్ల గుమాస్తా. కాగితం మీద తొమ్మిదని ఉంటే ఎనిమిదీ యాభై తొమ్మిదికి అక్కడ నిలబడి ఉండే మనిషి. ఈత రాదు.

శేషగిరి సగం గీసిన గడ్డంతోనే సైకిలెక్కాడు. వెనక నుంచి అక్క, ఏమైందిరా, ఏమైందిరా అని అడుగుతూనే ఉంది. ఏమని చెబుతాడు?

తొమ్మిది మైళ్లు. మంచి రోడ్డయితే గంట చాలు. వంతెన దాటాక గెడ్డ గట్టెక్కాడు. 'ఎడ్లబండి కూడా సుఖంగా పోవును' అని తను రాసిన గట్టు అది. అరమైలు పోయేసరికి నిలువెత్తు గండి. మొన్నటి వానలకి గట్టు కోసుకుపోయింది. బురదలో బావ సైకిలు దిగి ఎక్కిన గుర్తు, పక్కనే చిన్న చిన్న పాదాలు. ఆ పాదాల వెంటే శేషగిరి సైకిలు భుజానేసుకుని దిగబోయి జారి పడ్డాడు. మోచెయ్యి కొట్టుకుపోయింది, చైను ఊడింది. చైను ఎక్కించుకునేసరికి ఎనిమిదీ పది.

గండి దాటితే తోటలు. పనసలూ జీడిమామిళ్లూ కొబ్బరులూ, ఎండ నేల మీద పడనివ్వని నీడ. పుస్తకంలో ఆ నీడ ఒక్కటే నిజం. 'ఇసుక పల్చన' అన్నది పచ్చి అబద్ధం. చక్రం సగం దాకా దిగబడిపోతోంది. దిగి తోశాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఎవడు రాశాడ్రా ఇది అని తిట్టు నోటిదాకా వచ్చి, ఏడుపొచ్చింది. మంగ పుట్టినప్పుడు ముందు ఎత్తుకున్నది తనే. అక్కకి మరి పిల్లల్లేరు.

మంచినీళ్ల బావి దగ్గర రత్నాలమ్మ అనే తోటకాపు మనిషి కొబ్బరిమట్టలు మోపు కడుతోంది. పాపతో ఒకాయన వచ్చాడా అని అడిగాడు. వచ్చాడంది. పాప నీళ్లు తాగిందనీ, ఆయన గడియారం చూసి పుస్తకంలో టైము రాసుకున్నాడనీ చెప్పింది.

"నాను సెప్పినాను బాబూ. ఇయాల అమాస, పోటు మీదుంటాది, ఏట్లోకి దిగొద్దన్నాను. కాయితంలో రాసుంది, మా బామ్మర్దే రాసినాడు అని నవ్వేసి ఎలిపోనాడు."

ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి నోటిమాట కంటే తన కాగితం ఎక్కువైంది! ఎంతసేపైందని అడిగితే, ఇదిగో ఇప్పుడే అంది. ఇప్పుడే అంటే ఎంతో ఎవరికి తెలుసు? ఎనిమిదిన్నర దాటింది.

సరుగుడు తోట దాటి ఏటి ఒడ్డుకొచ్చేసరికి ఊపిరి అందడం లేదు. ఒడ్డున బావ సైకిలు శుభ్రంగా స్టాండు వేసి ఉంది, ముందు పాపని దాటించి మళ్లీ దానికోసం వద్దామనుకున్నాడు కాబోలు. ఏరు నిండుగా, సముద్రం వైపు నుంచి లోపలికి తోసుకొస్తోంది. మూడో వంతు దూరంలో భానుమూర్తి, నడుం లోతు నీళ్లలో, మెడ మీద మంగని ఎక్కించుకుని, ఒక చేత్తో పుస్తకం తడవకుండా పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా ముందుకి వెళ్తున్నాడు.

శేషగిరి అరిచాడు. భానుమూర్తి తిరిగి చూసి నవ్వాడు. మంగ చెయ్యూపింది.

"తొమ్మిదికి ఐదు నిమిషాలుందిరా! కరెక్టు టైముకే వచ్చాం!"

ఇవాళ అమావాస్య, పోటు వస్తోంది, వెనక్కి వచ్చెయ్యమని శేషగిరి గొంతు చించుకున్నాడు. భానుమూర్తి పుస్తకం ఊపాడు. మధ్యలో ఇసుక తిన్నె ఉందని రాశావుగా, అక్కడికి చేరితే మళ్లీ మోకాలేగా, అన్నాడు. అని ఇంకో అడుగు ముందుకేశాడు. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. మంగ కాళ్లు తడిశాయి.

అవతలి ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఎల్లాజీ కూడా ఉన్నాడు. శేషగిరికి అప్పుడర్థమైంది. బావ నమ్మింది తన కేకని కాదు, తన రాతని. ఆ రాత పోతేగాని బావ ఆగడు.

"బావా, నేనీ ఏరు దాటలేదు! ఎప్పుడూ చూడను కూడా లేదు! అంతా అబద్ధం రాశాను!"

భానుమూర్తి ఆగిపోయాడు. నవ్వు పోయిన ఆ మొహం శేషగిరి ఇక జన్మలో మరిచిపోడు. వెనక్కి తిరగబోతే కాలికింద ఇసుక జారింది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి, మంగ కెవ్వుమని తండ్రి జుట్టు రెండు చేతులా పట్టుకుంది. పుస్తకం ఎక్కడికో కొట్టుకుపోయింది. శేషగిరి పంచె ఎగ్గట్టకుండానే దూకాడు. అతనికీ ఈత రాదు. రొమ్ము లోతులో నిలదొక్కుకుని చెయ్యి చాచాడు, అందలేదు, ఇంకో అడుగు వేశాడు, మంగ గౌను కొస దొరికింది. పిల్లని గుండెకి హత్తుకుని, బావ చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచాడు. ఎల్లాజీ తెప్ప వేసుకుని వచ్చేసరికి ముగ్గురూ ఇసుకలో కూలబడి ఉన్నారు.

"నానేటి సెప్పాను మాస్టారూ? అట్టమి అని గదా సెప్పాను," అన్నాడు ఎల్లాజీ. కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు.

భానుమూర్తి కూతురి తల తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు.

అంతలో సరుగుడు తోటలోంచి సైకిలు గంట వినబడింది. రెండు సైకిళ్లు. ముందు వస్తున్నది ఆనాడు సభలో తనకి దండ వేసిన మల్లేశ్వరరావే, చేతిలో పుస్తకం.

భానుమూర్తి మెల్లగా, "ఇవాళ నీళ్లెక్కువున్నాయని చెప్పి పంపెయ్యరా. తక్కినది నేనెవరికీ చెప్పను," అన్నాడు.

బావ మంచితనానికి శేషగిరికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇవాళ నీళ్లెక్కువంటే ఇంకో ఆదివారం వస్తారు. ఆ ఆదివారం పున్నమైతే ఇక్కడ అరిచేవాడెవడు? మంగ ఇంకా వణుకుతూనే ఉంది. లేచి, తడి పంచెతో, సగం గడ్డంతో, ఎదురు వెళ్లాడు.

"గెడ్డ వంతెన దాటాక ఆ పుస్తకంలో ఉన్నదేదీ నేను చూసింది కాదు మల్లేశ్వరరావుగారూ. ఈ ఏరు ఇవాళే మొదటిసారి చూశాను."

మల్లేశ్వరరావు హాస్యమనుకుని నవ్వాడు. తర్వాత వెనకనున్న పిల్లని చూశాడు. పుస్తకం మూసి మాస్టారి చేతిలో పెట్టి, సైకిలు వెనక్కి తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి బడి వదలగానే శేషగిరి ఇల్లిల్లూ తిరిగాడు. టెక్కలి, కోటబొమ్మాళి, పలాస. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పి పుస్తకం వెనక్కి అడిగాడు. ఏట్లో పోయినదానితో కలిపి ముప్పై తొమ్మిది లెక్క తేలాయి. నలభయ్యోది ఎవరి దగ్గరుందో తెలియలేదు. ఎంత అడిగినా తెలియలేదు.

అందుకే ఆదివారంనాడు తండ్రి సంకల్పంలో అమావాస్యగాని పున్నమిగాని చెవిన పడిందా, శేషగిరి మాస్టారు చేస్తున్న పని వదిలేసి సైకిలు తీస్తాడు. తొమ్మిదింటికి ముందే ఏటి ఒడ్డున ఉంటాడు.